చౌడు గట్టు మీద గింజ గంగరావి: నా అనుభవం

గంగరావి చెట్టు కావాలంటే మా వైపు ఎవరూ గింజ నాటరు. చేతి మణికట్టంత లావు కొమ్మ నరికి, వానలు పడ్డాక గట్టున పాతేస్తే అదే చిగురేస్తుంది, నాలుగు వానలకు నీడా వస్తుంది, కంచె కూడా అయిపోతుంది. అంత సులువుగా వచ్చేదాన్ని గింజ నుంచి ఎందుకు పెంచావని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కళ్లకీ చెప్పేకంటే ఏం చేశానో, ఎందుకు చేశానో, ఏది పనిచేసిందో అంతా ఒకచోట రాస్తున్నాను. కోనసీమలో సముద్రానికి దగ్గరగా, ఉప్పునీటి డ్రెయిన్ పక్కనో రొయ్యల చెరువు పక్కనో భూమి ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుందనే నా ఆశ.

ముందు మా నేల సంగతి చెప్పాలి. మాది అల్లవరం మండలం. గోదావరి పాయ వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది కదా, అక్కడికి మరీ దూరం కాదు. మా కొబ్బరి తోటకు ఒక పక్క డ్రెయిన్, ఇంకో పక్క వెనామీ రొయ్యల చెరువులు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువైనప్పుడు సముద్రపు నీళ్లు డ్రెయిన్లోకి ఎగదన్నుతాయి. వర్షాకాలంలో అయితే పైనుంచి వచ్చే నీళ్లు దాన్ని వెనక్కి తోసేస్తాయి, కానీ ఏప్రిల్లో కాలువలకు నీళ్లు ఆపేశాక తోసేవాళ్లు ఉండరు, ఆ ఉప్పు అక్కడే తిష్ఠ వేస్తుంది. డ్రెయిన్ వైపున్న వరసలో చెట్లకు ముందు కాయ చిన్నదైంది, తర్వాత మట్టలు వాలిపోయాయి, ఆఖరికి మొవ్వు ఎండిపోయింది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పక్క తోటలకు ఇదే గతి పట్టిందని 2025లో పేపర్లలో వచ్చింది, మీరూ చదివే ఉంటారు. మాది అంత పెద్ద నష్టం కాదు. అయినా నాన్న పెట్టిన చెట్లు ఒక వరసంతా మొండాలై నిలబడితే చూడలేకపోయాను.

మట్టి పరీక్ష చేయించాను. మట్టిలో ఉప్పు ఎంతుందో ఈసీ అనే అంకెతో చెప్తారు, అది 4 దాటితే ఉప్పు నేల కింద లెక్క. మా గట్టు మీద మట్టి అంతకు రెట్టింపు పైనే ఉంది. జిప్సం వేయమని చాలామంది సలహా ఇచ్చారు. జిప్సం కారు చౌడుకి మందు, అంటే పీహెచ్ బాగా పెరిగిపోయి సోడియం మట్టిని పట్టేసిన నేలకి. మాది ఎండాకాలంలో తెల్లగా ఉప్పు పేరుకునే పాల చౌడు. దీన్ని మంచినీళ్లతో కడగాలి, కడిగిన నీళ్లు బయటికి పోయే దారి చూడాలి, అంతకు మించి చేయగలిగింది లేదు. బస్తాలు కొనేముందు ఈ తేడా తెలుసుకోండి, డబ్బులు మిగులుతాయి.

పోయిన కొబ్బరి వరస స్థానంలో మళ్లీ కొబ్బరే పెడితే మళ్లీ పోతుంది. సరుగుడు వేయమన్నారు గానీ నాకు ఇష్టం లేకపోయింది, అది ఈ తీరం చెట్టు కాదు, దాని కింద ఇంకో మొక్క బతకడం కూడా కష్టం. మడ మొక్కలు వేద్దామంటే వాటికి పోటు నీళ్లు వచ్చిపోతూ ఉండాలి, పొడి గట్టు మీద నిలవవు. కోరింగ అడవిలోకి వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు, బురదలో మడ, తిల్ల ఉంటాయి, పోటు అందని మెరక ఎక్కితే గంగరావి కనిపిస్తుంది. ఉప్పు గాలి, ఉప్పు నేల, మధ్యమధ్యలో ఉప్పు నీళ్లు, ఈ మూడింటినీ తట్టుకుంటూ ఎండలో పెరిగే మన చెట్టు అది. చిన్నప్పుడు ఆకు చుట్టి బూర చేసుకుని ఊదని పిల్లలు మా ఊళ్లో ఉండరు. దాని చేవ ముదురు ఎరుపు, నీళ్లలో నానినా తొందరగా పాడవదు, అందుకే ఒకప్పుడు బండి చక్రాలకీ పడవలకీ వాడేవారు.

ఇక గింజే ఎందుకంటే, అది మా మావయ్య మాట. ఆయన బతుకంతా కొబ్బరి దింపుల్లోనూ కలప బేరాల్లోనూ గడిచింది.

"కొమ్మ పాతిన చెట్టు పైకి బానే ఉంటదిరా అబ్బాయ్, ముదిరాక కోస్తే లోపల డొల్ల. గింజ చెట్టుకి తల్లివేరు దిగుద్ది. గాలొచ్చిననాడు తెలుస్తాది దాని ఇలవ."

గాలి అని ఆయన అన్నప్పుడు 1996 నవంబరు 6 రాత్రి గురించే అంటారు. ఆ రాత్రి కోనసీమలో ఎన్ని కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయో పెద్దవాళ్లెవరినడిగినా చెప్తారు. ఆయన ఇంటి వెనక దానంతట అది గింజ పడి మొలిచిన గంగరావి ఒకటుంది, ఆ గాలికి కొమ్మలన్నీ పోయినా మాను నిలబడిందట. ఒక్క చెట్టును చూసి రూలు రాయకూడదని నాకూ తెలుసు. కానీ కొమ్మకు పక్క వేళ్లే వస్తాయి, గింజకు నిటారుగా దిగే వేరు వస్తుంది అన్నది మాత్రం తవ్వి చూస్తే ఎవరికైనా కనిపించేదే.

కడియం వెళ్లి నర్సరీల్లో అడిగాను. అక్కడ దొరకని మొక్క ఉండదంటారు కదా. ఒక నర్సరీ ఆయన చాలా మర్యాదగా, "గంగరావి ఎవరూ కొనరండి, ఊళ్లో కొమ్మ ఇరుచుకుంటే సరిపోద్ది కదండీ, మేం పెంచమండి ఆయ్" అన్నారు. రంగు ఆకుల గంగరావి అలంకారానికి ఉందన్నారు గానీ నాకు కావలసింది అది కాదు. సరే, మనమే పెంచుకుందాం అని అక్కడే అనుకున్నాను. కవర్లు మాత్రం అక్కడే కొన్నాను. మామూలు వాటికంటే పొడుగువి, జానెడున్నర లోతు ఉండేవి అడిగి తీసుకున్నాను. తల్లివేరు కోసమే ఇంత కష్టపడుతూ దాన్ని పొట్టి కవర్లో పెడితే అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, తర్వాత నేలలో పెట్టినా ఆ చుట్ట విడిపోదు.

శివరాత్రి దాటాక కాయలు కోయడం మొదలుపెట్టాను. పచ్చికాయ గిల్లితే పసుపు పచ్చటి జిగురు కారుతుంది, గోళ్లకు అంటుకుంటే రెండు రోజులైనా పోదు (మా నాయనమ్మ ఆ జిగురే తామర మీద రాసేది). విత్తనానికి పచ్చివి పనికిరావు. కాయ చెట్టు మీదే గోధుమ రంగు దాటి నల్లబడి, నొక్కితే పెళుసుగా విరిగేలా ఉండాలి. గంగరావి కాయ పత్తికాయలా తనంతట తాను విచ్చుకోదు, ఎండిపోయి నెలల తరబడి కొమ్మకే వేలాడుతుంది, కాబట్టి తొందరేమీ లేదు. ఒక్కటే జాగ్రత్త, చెట్టు కింద రాలినవి ఏరకండి. అక్కడ ఎర్రనల్లులు చేరతాయి. పత్తి చేలల్లో కనిపించే ఎర్ర పురుగే అది, పత్తీ గంగరావీ ఒకే కుటుంబం కదా. గుంపులు గుంపులుగా కాయ మీద కూర్చుని, సన్నటి ముక్కు లోపలికి దింపి గింజలో ఉన్న పప్పును పీల్చేస్తాయి. పైకి గింజ నిండుగానే ఉంటుంది, కోస్తే లోపల నల్లటి పొర తప్ప ఏమీ ఉండదు. నేను దోటీతో కొమ్మల మీద కాయలే కోశాను, మావయ్య ఇంటి వెనక చెట్టువి కొన్ని, డ్రెయిన్ వంతెన దగ్గర పెద్ద చెట్టువి ఎక్కువ. ఒకే చెట్టు విత్తనం కాకుండా రెండు మూడు చెట్లవి కలిపితే మంచిది, అందులోనూ ఉప్పు తగులుతున్న చోట బాగా కాస్తున్న చెట్టు దొరికితే దాన్నే ఎంచుకోండి.

కాయ చితగ్గొడితే లోపల అయిదు గదులు, కాయకు నాలుగైదు నుంచి పది దాకా గింజలు. శనగ గింజ కంటే కొంచెం పెద్దది, ఒక కొస సన్నగా ఒక కొస లావుగా మూడు పలకలుగా ఉంటుంది, ఒంటి నిండా గోధుమ రంగు నూగు. పెంకు గట్టిది. వరి విత్తనాల్లా నీళ్లలో వేసి తేలినవి తాలు, మునిగినవి గట్టివి అని ఏరుదామంటే ఇక్కడ కుదరదు. ఇది సముద్రంలో తేలుకుంటూ పోయి ఇంకో ఒడ్డున మొలిచే గింజ, లోపల గాలి ఉంటుంది, మంచి గింజ కూడా తేలుతుంది. కాబట్టి ప్రతి చెట్టు కాయల్లోంచి కొన్ని గింజలు కత్తితో కోసి చూశాను. లోపల తెల్లగా, మడతలు పడిన ఆకులు కుక్కి పెట్టినట్టుగా, వాటి మీద నల్లటి చుక్కలతో ఉంటే అది మంచి గింజ.

అలాగే నాటితే కొన్ని రెండు మూడు వారాల్లో వస్తాయి, కొన్ని నెలలు పడతాయి, అన్నీ ఒకేసారి రావు. ప్రకృతిలో దానికి అదే మంచిది గానీ నాకు జూలై కల్లా మొక్కలు సిద్ధంగా ఉండాలి. అందుకని గోళ్లు కత్తిరించుకునే కట్టర్ తీసుకుని, గింజ లావు కొస దగ్గర పెంకు మాత్రం చిన్న పెచ్చు లేచేలా గిల్లాను. సన్న కొస వైపు గిల్లకూడదు, వేరు మొలిచేది అక్కడే. లోపలి తెలుపు కొద్దిగా కనిపిస్తే చాలు. ఇది ఓపిక పని, మా అమ్మాయి, నేను సాయంత్రాలు అరుగు మీద కూర్చుని చేశాం, కొంతసేపటికి తన చెయ్యే నా చెయ్యి కంటే బాగా కుదిరింది. గిల్లాక ఒక రాత్రంతా నీళ్లలో నానబెడితే గింజ ఉబ్బుతుంది. ఉబ్బనివి మళ్లీ కొంచెం గిల్లి మళ్లీ నానబెట్టడమే.

ఇప్పుడు అసలు విషయం, ఏ నీళ్లలో? ఈ అనుభవం మొత్తంలో నేను అందరికీ గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఉప్పుకు తట్టుకునే చెట్టు కదా, చిన్నప్పటి నుంచి ఉప్పు నీళ్లే అలవాటు చేస్తే గట్టిపడుతుంది అని మా ఊళ్లో చాలామంది అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అందుకని వాదించకుండా పరీక్ష పెట్టాను. రొయ్యల చెరువు ఉన్న మా బావ దగ్గర సెలినిటీ మీటరు తెచ్చుకున్నాను, ఒక చుక్క నీళ్లు వేసి వెలుతురు వైపు పట్టుకుని చూస్తే ఉప్పు ఎన్ని పీపీటీ (కిలో నీళ్లలో ఎన్ని గ్రాములు) ఉందో తెలుస్తుంది. సముద్రం సుమారు 35 ఉంటుంది, ఆ ఎండల్లో మా డ్రెయిన్ 20 దాటి ఉంది. ఒక ట్రేకి మంచినీళ్లు, ఒకదానికి డ్రెయిన్ నీళ్లలో మంచినీళ్లు కలిపి 10కి దించినవి, ఇంకోదానికి నేరుగా డ్రెయిన్ నీళ్లు. ఒకే ఇసుక, ఒకే చెట్టు గింజలు, ఒకే చూరు కింద.

మంచినీళ్ల ట్రేలో రెండో వారం కల్లా సగానికి పైగా లేచాయి, తర్వాత ఇంకా వస్తూనే ఉన్నాయి. 10 పీపీటీ ట్రేలో అక్కడొకటి ఇక్కడొకటి, అదీ ఆలస్యంగా, పీలగా. డ్రెయిన్ నీళ్ల ట్రేలో ఒక్కటీ రాలేదు. అయితే ఆ గింజలను పారేయకుండా కడిగి, మంచినీళ్లలో నానబెట్టి మళ్లీ ఇసుకలో పెట్టాను. మొలిచాయి! అన్నీ కాదు గానీ చాలావరకు మొలిచాయి. అంటే ఉప్పు వాటిని చంపలేదు, ఆపింది. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే గింజ ఆ నీటిని లోపలికి లాక్కోలేదు, తడిలో ఉండి కూడా దాహంతో ఉన్నట్టే, అందుకని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. తర్వాత ఆలోచిస్తే మన గోదావరి దగ్గర అది ఎంత లెక్కగా కుదురుతుందో అర్థమైంది. జూలై ఆగస్టుల్లో ఎర్రనీరు దిగినప్పుడు ఇదే డ్రెయిన్లో మీటరు పెడితే దాదాపు సున్నా చూపిస్తుంది. వేసవంతా ఉప్పులో తేలిన గింజ ఆ తియ్యటి నీళ్లు తగిలాక ఒడ్డున లేస్తుంది. పెద్ద చెట్టుకు ఉప్పు పడుతుంది, పురిటి గింజకు మాత్రం మంచినీళ్లు కావాలి. ఉప్పు నేలలో మొక్కలు పెంచే పని అంటే ఆ మంచినీళ్లు సరైన సమయానికి అందించడమే, మిగతాదంతా దాని చుట్టూ తిరిగే పని.

అలాగని మాకు మంచినీళ్లు ఊరికే రావు. ఏప్రిల్ మే నెలల్లో మా బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేం. కాలువలకు నీళ్లు ఆపకముందే రెండు డ్రమ్ములు నింపి, మూతలు వేసి కొబ్బరి చెట్ల నీడలో పెట్టాను. అవి అయిపోయాక మే చివర్లో తాగే నీళ్ల టిన్నులే మొక్కలకు పోశాం. మా ఆవిడ మొదట్లో ఏమీ అనలేదు గానీ టిన్నులు వచ్చే వేగం చూసి, "మనుషులు తాగేవా, మొక్కలు తాగేవా అవి?" అని అడిగింది. పొద్దున్నే మగ్గుతో కొలిచి పోయడం మొదలుపెట్టింది కూడా తనే. కవరు మీద ఎండుగడ్డి ముక్కలు పరిస్తే నీళ్లు సగం పడతాయని కనిపెట్టిందీ తనే.

మొలక లేచేటప్పుడు చూడటానికి బాగుంటుంది. ముందు వంగిన తెల్లటి మెడ ఇసుకను పగలగొట్టుకుని వస్తుంది, తల ఇంకా కిందే ఉంటుంది. మర్నాటికి అది నిటారుగా లేస్తూ పెంకును టోపీలా పైకి తెస్తుంది, ఆ పెంకు పడిపోయాక లోపల మడతలు పెట్టి ఉన్న రెండు ఆకులూ విప్పుకుంటాయి. వెనక్కి తిప్పి వెలుతురులో చూస్తే ఆకు నిండా నల్లటి సూది మొన చుక్కలు, పత్తి మొలకకూ ఇలాగే ఉంటాయి. పెంకు ఊడకుండా పట్టేసుకున్నవాటికి వేలు తడి చేసి రుద్దితే వదులుతుంది, లాగకూడదు. అసలు ఆకు, అదే రావి ఆకు ఆకారంలో ఉండేది, వచ్చాక దాని వెనక వైపు తొడిమ దగ్గర ఈనె మీద సన్నటి గాటు లాంటిది కనిపిస్తుంది. అందులోంచి తియ్యటి రసం ఊరుతుంది, ఎంత చిన్న మొక్కకైనా చీమలు వచ్చేది అందుకే. చీమలను చూసి మందు కొట్టకండి, అవి మొక్కకు ఏమీ చేయవు, నా మొక్కలకు చీమలున్నంతకాలం ఆకు తినే పురుగు పెద్దగా రాలేదు.

కవర్లలో మట్టికి మా నల్లమట్టి వాడలేదు. నీళ్లు నిలిచిపోయి నారు కుళ్లు వస్తుంది. సగం పైన ఇసుక, మిగతాది చెరువు గట్టు కాకుండా ఊరి లోపలి నుంచి తెచ్చిన మట్టి, మాగిన పశువుల ఎరువు. ఇసుక సముద్రపు ఒడ్డుది కాదు, గోదావరి ఇసుక. కొబ్బరి పొట్టు కలపాలనుకుంటే ముందు దాన్ని మంచినీళ్లలో రెండు మూడు సార్లు కడగండి, తీరం దగ్గర నానబెట్టిన పొట్టులో ఉప్పు ఉంటుంది.

నాలుగైదు అసలు ఆకులు వచ్చాక మాత్రం ఉప్పు అలవాటు చేశాను. మొదట 2 పీపీటీ, వారం ఆగి 4, తర్వాత 6, అలా 10 దాకా. మధ్యలో ఒకసారి మంచినీళ్లు నిండా పోసి కవరు అడుగు నుంచి కారిపోనివ్వాలి, లేకపోతే ఉప్పు కవర్లోనే పేరుకుంటుంది. ఈ దశలో కింది ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలతాయి, అది మామూలే, ముదురు ఆకుల్లో చేరిన ఉప్పును మొక్క అలా వదిలించుకుంటుంది. కొత్త చిగురు అంచులు మాడితే మాత్రం ఒక మెట్టు వెనక్కి రావాలి. కొన్నిటికి పోల్చి చూడటం కోసమే ఉప్పు తగలనివ్వలేదు. గట్టు మీద నాటాక అవి దాదాపు ఆకులన్నీ రాల్చేసి మళ్లీ చిగురించడానికి చాలా టైమ్ తీసుకున్నాయి, అలవాటు చేసినవి నాలుగు ఆకులు రాల్చి ఊరుకున్నాయి. కాబట్టి ఉప్పు అలవాటు చేయాలన్న మా ఊరివాళ్ల మాటలోనూ నిజం ఉంది, అది ఎప్పుడు చేయాలన్న దగ్గరే తేడా.

నాటే గట్టును మే నెలలోనే సిద్ధం చేసుకోవాలి, జూలైలో కాదు. ఒక్కో మొక్కకు మోకాలెత్తు దిబ్బ పోయించాను, పక్కన చిన్న బోదె (పిల్ల కాలువ) తీయించి దాన్ని డ్రెయిన్ వైపు వాలు పెట్టాను. జూన్ జూలై వానలు ఆ దిబ్బ మీద పడి, మట్టిలోని ఉప్పును కడుక్కుంటూ బోదెలోకి పోవాలి. నాటేముందు దిబ్బ మట్టి మళ్లీ పరీక్ష చేయిస్తే ఈసీ 4 కంటే కిందకు వచ్చింది, పక్కనే చదును నేల మాత్రం ఇంకా 6 దగ్గరుంది. ఎరువులు, మందులు ఏమీ లేవు, ఎత్తూ వానా చేసిన పని అది. 2024 జూలై ఆఖర్లో, ఎడతెరిపి లేకుండా ముసురు పట్టిన రోజుల్లో నాటాం. కవరు కోసి తీసి, మట్టి గడ్డ విడిపోకుండా దించి, చుట్టూ కొబ్బరి డొక్కలు (కాయ మీది పీచు తొక్కలు) బోర్లా పరిచాం.

డొక్కలు ఎందుకో కొంచెం చెప్తాను, ఇది కొబ్బరి రైతులందరి దగ్గరా ఊరికే పడి ఉండే వస్తువు. ఎండాకాలంలో నేల పైపొర ఎండుతుంటే కింద ఉన్న ఉప్పునీళ్లు పైకి ఎక్కుతాయి, నీళ్లు ఆవిరై పోయి ఉప్పు పైన మిగులుతుంది, ఆ తెల్లటి పొర అదే. నేలకు ఎండ తగలకుండా డొక్కలు, మట్టలు కప్పితే ఆ ఎక్కడం బాగా తగ్గుతుంది. నీళ్లు పోయడంలో కూడా రోజూ చెంబుడు పోస్తే కీడే ఎక్కువ, పైపొర తడిసి ఆరిపోవడం తప్ప ఉప్పు కిందకు దిగదు. వారానికోసారైనా సరే రెండు బిందెలు ఒకేసారి పోస్తే ఉప్పును వేరు కిందకు తోస్తుంది. మొదటి వేసవి ఒక్కటీ ఇలా గట్టెక్కిస్తే రెండో వేసవికి వేరు దాని దారి అది చూసుకుంటుంది.

పోయినవి ఉన్నాయి. గట్టు చివర పల్లంలో బోదె సరిగా లాగని చోట నీళ్లు నిలిచి కొన్ని చనిపోయాయి. పెద్ద గంగరావి కాళ్ల దగ్గర నీళ్లు కొంతకాలం నిలిచినా తట్టుకుంటుంది గానీ మోకాలెత్తు మొక్కకు ఉప్పూ ఊటా రెండూ కలిస్తే కష్టం. మేకలు ఇంకొన్నిటిని తినేశాయి. గంగరావి ఆకు మేకలకు ఎంత ఇష్టమంటే, పక్కన పచ్చగడ్డి ఉన్నా దీనికోసం గట్టెక్కుతాయి. తాటి మట్టలతో మొక్క మొక్కకీ తడక కట్టాం. దానివల్ల ఇంకో ఉపయోగం కూడా కలిగింది, దక్షిణం నుంచి వచ్చే ఉప్పు గాలి లేత చిగుళ్లకు నేరుగా తగల్లేదు. మేకలు మేపుకునే మా వీధి పెద్దమ్మతో కూడా మాట్లాడాను. "చెట్లు ఎదిగాక కొమ్మలు నీకే కొడతాను పెద్దమ్మా, రెండేళ్లు ఓపిక పట్టు" అంటే, "అట్టాగే నాయనా, మరి మాట తప్పకు" అంది. తడకల కంటే ఆ మాటే ఎక్కువ పనిచేసింది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు ఆ రాత్రి గాలి ఏ తీరున వీచిందో ఈ జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నాకు ఇంటి మీద రేకుల టెన్షన్ ఒకటైతే, గట్టు మీద మొక్కల టెన్షన్ ఇంకొకటి. అప్పటికి అవి నా తల ఎత్తు దాటాయి. తెల్లారాక వెళ్లి చూస్తే తడకలు ఒక్కటీ లేవు, ఆకులు చిరిగి వేలాడుతున్నాయి, కొన్ని ఉత్తరానికి ఒరిగాయి. వేరుతో సహా లేచింది ఒక్కటీ లేదు. మూడు నాలుగు రోజులకు మిగిలిన ఆకులు కూడా ఉప్పు జల్లుకు అంచుల నుంచి మాడిపోయాయి, కార్తీకం వెళ్లేలోపే కొత్త చిగుళ్లు వచ్చాయి. అదే గట్టుకు అవతల పక్క రైతు అదే ఏడాది పాతిన కొమ్మల్లో చాలావరకు ఒరిగిపోయాయి, కొన్ని పెకలించుకుని పడ్డాయి. కొమ్మ నాటితే పడిపోతుందని నేను అనను, వాళ్లవీ ఇంకో నాలుగేళ్లు దొరికితే వేళ్లు పట్టి నిలబడేవేమో. కానీ మన తీరంలో తుపాను నాలుగేళ్లు ఆగుతుందని ఎవరు చెప్పగలరు? ఒరిగిన నా మొక్క ఒకదాని మొదట్లో మట్టి కొంచెం తీసి చూశాను, బొటనవేలంత తల్లివేరు నిటారుగా దిగి ఉంది, మూర లోతు దాకా తవ్వినా దాని చివర కనిపించలేదు, మళ్లీ కప్పేసి మట్టి తొక్కాను.

కంచె కోసమో, తొందరగా నీడ కోసమో అయితే కొమ్మే పాతుకోండి, అందులో తప్పేమీ లేదు. డ్రెయిన్ గట్టు, చెరువు గట్టు, సముద్రం వైపు తోట అంచు, ఇలాంటి చోట్ల చెట్టు నిలబడటమే ముఖ్యం కాబట్టి అక్కడికి గింజ మొక్కే మేలని నేను ఇప్పుడు నమ్మకంగా చెప్తాను. ఖర్చు కవర్లకీ, దిబ్బలు పోసిన కూలికీ, ఆ నీళ్ల టిన్నులకీ అయింది. గింజకు పైసా లేదు.

సంక్రాంతి దాటాక వాటిల్లో ఒకటి పూసింది. పొద్దున పసుపు, మధ్యలో ముదురు మెరూన్ మచ్చ, సాయంత్రానికి అదే పువ్వు ఎర్రబడి ముడుచుకుంది. ఈ ఏడు మా బావ చెరువు గట్టుకు కూడా కావాలన్నాడు, మావయ్య చెట్టు కాయలు కోసి ఎండబెట్టి పెట్టాను, డ్రమ్ములు మూడు నింపాలి. దీనితో పాటు పొన్న కూడా గింజ నుంచి చేద్దామని అంబాజీపేట వైపు నుంచి కాయలు తెప్పించాను. దాని పెంకు గంగరావిలా కట్టర్‌కు లొంగేది కాదు, సుత్తితో నెర్రె ఇవ్వాలి, లోపలి పప్పు చితక్కుండా. అది ఎలా వచ్చిందో మొలిచాక రాస్తాను. ఎవరి దగ్గరైనా పొన్న గింజ మొలిపించిన అనుభవం ఉంటే ఈలోపే చెప్పండి, కాయలు ఇంకా పగలగొట్టలేదు.